బొమ్మ రాదని లెక్క వదిలేయకు తల్లీ

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. డాట్ ప్రోడక్ట్, క్రాస్ ప్రోడక్ట్, పార్షియల్ డెరివేటివ్‌లు అన్నీ చేయగలను. కానీ డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్ వచ్చేసరికి చేతులెత్తేస్తున్నాను. మొన్న మిడ్ పరీక్షలో రెండు సిలిండర్లకు ఉమ్మడిగా ఉన్న భాగం వాల్యూమ్ కనుక్కోమన్నారు. బొమ్మ వేయలేక, లిమిట్స్ రాయలేక ఆ ప్రశ్న మొత్తం వదిలేశాను. నా రూమ్మేట్ ఏ ఈక్వేషన్ ఇచ్చినా రెండు నిమిషాల్లో గీసేస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ డ్రాయింగ్ రాదు. కళ్లు మూసుకుని ఊహించుకుందామన్నా ఏమీ కనిపించదు. ఇది పుట్టుకతో రావాలా మేడమ్? లేకపోతే పరీక్షకు వచ్చే పది బొమ్మలు బట్టీ పట్టేయమంటారా?
— ఒక విద్యార్థిని, నరసరావుపేట

సమాధానం:

పుట్టుకతో రానక్కర్లేదమ్మా. బట్టీ కూడా వద్దు. ముందు ఈ రెండు మాటలూ చెప్పేసి, తర్వాత పెన్సిల్ పట్టుకుందాం.

ఇన్నేళ్లుగా క్లాసులో చూస్తున్నాను. త్రీడీ బొమ్మలు బాగా గీసే పిల్లల్లో చాలామందికి చిత్రలేఖనం రాదు. పువ్వు గీయమంటే గీయలేరు. కానీ ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నది వాళ్లకు తెలుసు. నీకు 'అ' ఎలా వచ్చిందో గుర్తు చేసుకో. పలక మీద ఎవరో రాసిచ్చారు, నువ్వు దాని మీద బలపంతో దిద్దావు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో చేతికి అలవాటైంది. అక్షరాన్ని ఊహించుకుని ఎవరూ రాయలేదు. ఉపరితలాలు కూడా అంతే. వాటికీ ఒక దిద్దుడు క్రమం ఉంది. దాన్ని నీకు ఎవరూ చూపించలేదు, అంతే. "ఇదిగో పారాబొలాయిడ్" అని బోర్డు మీద పూర్తయిన బొమ్మ చూపించి ముందుకెళ్లిపోతే పిల్లలకు చేరేది బొమ్మే గానీ చేయి కదిలిన తీరు కాదు.

కళ్లు మూసుకుంటే ఏమీ కనిపించదన్నావు. దానికి దిగులు పడకు. 1870ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఫెలిక్స్ క్లైన్, అలెగ్జాండర్ బ్రిల్ అనే ఇద్దరు గణిత ప్రొఫెసర్లు తమ విద్యార్థుల చేత ఉపరితలాలను ప్లాస్టర్‌తో, దారాలతో, అట్టముక్కలతో చేయించారు. అలాంటి నమూనాలు ఇప్పటికీ గోటింగెన్ విశ్వవిద్యాలయంలో అద్దాల బీరువాల్లో ఉన్నాయి. అంత పెద్ద గణితవేత్తలే చేత్తో పట్టుకుని చూడాలనుకున్నారు. నీకు ఖాళీగా కూర్చుంటే కనిపించకపోవడంలో వింతేముంది?

సరే, గళ్ల నోటుబుక్ ఒకటి తీసుకో. తెల్ల కాగితం వద్దు, గళ్లదే కావాలి.

పేజీ మధ్యలో ఒక చుక్క పెట్టు. అది మూలబిందువు. అక్కడి నుంచి కుడికి అడ్డంగా వై అక్షం, నిటారుగా పైకి జెడ్ అక్షం గీయి. ఎక్స్ అక్షం నీ వైపుకు వస్తున్నట్టు, ఎడమకి కిందికి ఏటవాలుగా, గళ్ల మూలల మీదుగా పోవాలి. ఇప్పుడు కొలత. వైలో ఒక యూనిట్ అంటే రెండు గళ్లు. జెడ్‌లోనూ రెండు గళ్లు. ఎక్స్‌లో ఒక యూనిట్ అంటే ఒకే ఒక్క గడి, మూల నుంచి మూలకు. ఎక్స్ మన వైపు వస్తోంది కాబట్టి పొట్టిగా కనిపించాలి, అందుకే ఆ తగ్గింపు. ఈడీ (ఇంజినీరింగ్ డ్రాయింగ్) క్లాసులో ఐసోమెట్రిక్ నేర్పుతారు, మూడు అక్షాల మధ్య 120 డిగ్రీలు పెట్టి. అదీ మంచిదే. కానీ ఈ పద్ధతిలో వై, జెడ్ తలం, అంటే వెనక గోడ, ఉన్నది ఉన్నట్టే వస్తుంది. దాని మీద వృత్తం వృత్తంలాగే, చతురస్రం చతురస్రంలాగే ఉంటాయి. మొదట్లో అది పెద్ద ఊరట.

హాస్టల్ గదిలో ఒక మూలకు ఎదురుగా నిలబడి చూడు. నేలా, రెండు గోడలూ కలిసే బిందువే మూలబిందువు. ఎడమ గోడ అడుగున నీ వైపు వచ్చే అంచు ఎక్స్. కుడి గోడ అడుగున ఉన్నది వై, మన బొమ్మలో వెనక గోడ అంటే ఈ గోడే. రెండు గోడలూ కలిసే నిలువు గీత జెడ్. కుడిచేతి వేళ్లను ఎక్స్ నుంచి వై వైపు ముడిస్తే బొటనవేలు పైకప్పును చూపిస్తుంది. ఒక జాగ్రత్త. కుడిచేతిలో పెన్ను పట్టుకుని ఉంటే చాలామంది తెలియకుండా ఖాళీగా ఉన్న ఎడమచేయి వాడేస్తారు. పరీక్ష హాల్లో క్రాస్ ప్రోడక్ట్ దిశ తలకిందులవడానికి ఇదొక కారణం. పెన్ను కింద పెట్టి చేయి చూసుకో.

ఇప్పుడు (2, 3, 4) అనే బిందువు పెట్టు. ఎక్స్ మీద రెండు గళ్లు ఏటవాలుగా దిగు. అక్కడి నుంచి వైకి సమాంతరంగా ఆరు గళ్లు కుడికి నడువు. అక్కడి నుంచి ఎనిమిది గళ్లు నిటారుగా పైకి ఎక్కు. చుక్క పెట్టు. అది మూలబిందువుకు నాలుగు గళ్లు కుడిగా, ఆరు గళ్లు పైన పడింది కదా?

ఇంకో బిందువు. (0, 2, 3). ఎక్స్ లేదు. నాలుగు గళ్లు కుడికి, ఆరు గళ్లు పైకి. సరిగ్గా అదే చుక్క!

ఒక్క నిమిషం ఆగి ఆ చుక్కను బాగా చూడు. (4, 4, 5) కూడా అక్కడే పడుతుంది, వేసి చూసుకో. కాగితం మీద చుక్క ఒక్కటే, గదిలో మాత్రం లెక్కలేనన్ని బిందువులు, అన్నీ నీ చూపు వెళ్లే ఒకే గీత మీద. నీకు ఇన్నాళ్లూ ఏమీ కనిపించకపోవడానికి అసలు కారణం ఇదే. కాగితం మీద త్రీడీ చుక్కకు తనంతట తానుగా అర్థం లేదు. దానికి కాళ్లు కావాలి. నడిచి వచ్చిన దారిని, నేల మీది పాదాన్ని, పాదం నుంచి పైకి లేచిన నిలువు గీతను చుక్కల గీతలుగా ఉంచేస్తేనే అది (2, 3, 4) అవుతుంది. వెక్టర్ గీసేటప్పుడు కూడా బాణం ఒక్కటే గీసి వదలకు. బాణం కింద నేల మీద దాని నీడ గీయి. నీడ ఉంటే బాణం గాల్లోకి లేస్తుంది, లేకపోతే కాగితానికి అతుక్కుపోతుంది.

కోణాలను కంటితో నమ్మకు. ఎక్స్, వై అక్షాల మధ్య 90 డిగ్రీలే ఉన్నా మన బొమ్మలో 135 కనిపిస్తుంది. లంబంగా ఉన్నాయా లేదా అన్నది డాట్ ప్రోడక్ట్ చెప్పాలి, కన్ను చెప్పకూడదు.

తలాలు తేలిక, త్వరగా దాటేద్దాం. 2ఎక్స్ + 3వై + 4జెడ్ = 12 అంటే రెండేసి చలరాశులు సున్నా చేస్తూ పో. ఎక్స్ అక్షాన్ని 6 దగ్గర, వైని 4 దగ్గర, జెడ్‌ను 3 దగ్గర కోస్తుంది. మూడు చుక్కలూ కలిపితే త్రిభుజం, మూలబిందువుతో కలిపి టెట్రాహెడ్రన్. నేల మీది త్రిభుజం చూస్తే లిమిట్స్ వాటంతట అవే వస్తాయి. ఎక్స్ 0 నుంచి 6, వై 0 నుంచి నేల మీది గీత దాకా, జెడ్ నేల నుంచి ఆ ఏటవాలు కప్పు దాకా. వాల్యూమ్ 12 రావాలి, చేసి చూసుకో.

ఇక ఉపరితలాలు. నేను చెప్పదలుచుకున్నదంతా ఒక్క మాటలో ఉంది: సర్ఫేస్‌ను గీయకు, దాని కోతల్ని గీయి. ఆనపకాయను చక్రాలుగా తరిగినట్టు జెడ్ = 1, జెడ్ = 2, జెడ్ = 4 అని అడ్డంగా కోయి. ఒక్కో కోతలో ఏ వక్రం వచ్చిందో రాసుకో. తర్వాత ఎక్స్ = 0 అని, వై = 0 అని నిలువుగా కోయి. ఆ కోతల్లో వచ్చేవి దాదాపు ఎప్పుడూ నీకు పరిచయమైనవే. ఇంటర్ లెక్కల 2బీ పేపర్లో చేసిన వృత్తం, పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం, లేదా సరళరేఖ. కొత్తగా నేర్చుకోవాల్సిన వక్రం ఒక్కటీ లేదు.

జెడ్ = ఎక్స్² + వై² తీసుకుందాం. ఎక్స్ = 0 పెడితే జెడ్ = వై², వెనక గోడ మీద పరావలయం. గళ్లలో ఉన్నది ఉన్నట్టు గీయి. వై 1 అయితే ఎత్తు 1, వై 2 అయితే ఎత్తు 4. ఇప్పుడు జెడ్ = 4 కోత. వ్యాసార్థం 2 ఉన్న వృత్తం. ఇది నేలకు సమాంతరంగా ఉంది కాబట్టి కాగితం మీద దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వృత్తాన్ని నేరుగా గీయకు. ముందు దాని చుట్టూ చతురస్రం వేయి, అది బొమ్మలో ఏటవాలు పెట్టెలా వస్తుంది. నాలుగు భుజాల మధ్య బిందువులు గుర్తుపెట్టు. ఆ నాలుగు చోట్లా భుజాన్ని ఒరుసుకుంటూ వెళ్లేలా చేయి తిప్పు. చివర్లు బాదంగింజలా మొన తేలకూడదు, దీర్ఘవృత్తానికి మొనలుండవు. పరావలయం మీద ఈ మూత పెట్టు, అంచులు దానికి ఆనేలా కాస్త సర్దు, గిన్నె వచ్చేసింది. పారాబొలాయిడ్ అంటే ఇదే. జెడ్ = √(ఎక్స్² + వై²) కూడా ఇలాగే చేయి. అడ్డకోతలు మళ్లీ వృత్తాలే, కానీ నిలువుకోత ఈసారి రెండు సరళరేఖలు. అందుకే అది గిన్నె కాదు, కోన్. గిన్నెకీ కోన్‌కీ తేడా చెప్పేది నిలువుకోతేనని ఒకసారి చేత్తో గీసినవాళ్లు మర్చిపోరు.

ఈక్వేషన్లో ఒక అక్షరం కనిపించకపోతే కంగారు పడకు. జెడ్ = సైన్ వై అంటే ఎక్స్ ఎంతైనా సరే అని అర్థం. వెనక గోడ మీద అల గీసి, దాన్ని ఎక్స్ దిశలో ముందుకు లాగు. రేకుల షెడ్డు మీద సిమెంటు రేకు చూశావుగా, అదే ఇది. గణితంలో సిలిండర్ అంటే గుండ్రని గొట్టమే కానక్కర్లేదు.

అందరూ భయపడేది జీను ఆకారం, జెడ్ = ఎక్స్² − వై². నిప్పుల మీద కాల్చిన అప్పడం ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి వంకర తిరుగుతుంది చూడు, అలాంటిది. నేను నేర్పే క్రమం ఇది. నేల మీద ఎక్స్, వై రెండూ −2 నుంచి 2 దాకా ఉన్న చతురస్రం గీయి. నాలుగు మూలల్లో ఎత్తు ఎంత? 4 − 4, సున్నా. అంటే మూలలు నేల మీదే ఉన్నాయి. ముందు భుజం మధ్యలో ఎక్స్ 2, వై 0, ఎత్తు 4. కాబట్టి ఆ భుజం మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు కమానులా పైకి లేచి దిగు. ఎదుటి భుజం మీదా అలాగే. కుడి, ఎడమ భుజాల మధ్యలో ఎత్తు −4. అక్కడ ఉయ్యాల తాడులా కిందికి వేలాడదీయి. చివరగా రెండు కర్ణాలు. వాటి మీద ఎక్స్², వై² సమానం కాబట్టి ఎత్తు అంతటా సున్నా. అంత వంకర ఉపరితలం మీద రెండు తిన్నని గీతలు! వెనక దాగిన భాగాలు చుక్కల గీతలుగా మార్చు. నాలుగు వంపులు, రెండు సరళరేఖలు, జీను పూర్తయింది. ఊహ ఎక్కడా అవసరం పడలేదు, గమనించావా?

హైపర్‌బొలాయిడ్ కోసం మాత్రం కాగితం పక్కన పెట్టు. ఒకే సైజు గాజులు రెండు తీసుకుని, వాటి మధ్య ఒక పన్నెండు దారాలు నిలువుగా బిగించి కట్టు. సిలిండర్ వస్తుంది. ఇప్పుడు పై గాజును కాస్త తిప్పు. దారాలన్నీ తిన్నగానే ఉంటాయి, నడుము మాత్రం సన్నబడుతుంది. ఎక్స్² + వై² − జెడ్² = 1 అంటే అదే తరహా ఆకారం. పాల్వంచ వైపు వెళ్లినవాళ్లకు 2024 ఆగస్టులో కూల్చేసేదాకా కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) పాత కూలింగ్ టవర్లు ఇదే రూపంలో దూరం నుంచి కనిపించేవి. కుడివైపున 1 బదులు సున్నా పెడితే నడుము పూర్తిగా మూసుకుపోయి డమరుకం అవుతుంది. −1 పెడితే డమరుకం విడిపోయి రెండు గిన్నెలవుతాయి. మూడు పేర్లు విడివిడిగా బట్టీ పట్టే బదులు ఒకే ఆకారం మారుతున్నట్టు వరుసగా మూడు గీయి.

ఇప్పుడు నీ మిడ్ పరీక్ష లెక్క. ఇలాంటి లెక్కల్లో మామూలుగా ఇచ్చేది ఎక్స్² + వై² = ఏ², ఎక్స్² + జెడ్² = ఏ². రెండు సిలిండర్లనూ పూర్తిగా గీయబోతే ఎవరికైనా తల తిరుగుతుంది. ఎనిమిదో వంతు చాలు, మూడూ ధనాత్మకంగా ఉన్న మూల. ఏ = 4 అనుకుందాం.

ఏ కోత కోయాలి? రెండు ఈక్వేషన్లలోనూ ఉన్నది ఎక్స్. అందుకే ఎక్స్‌ను ఒక విలువ దగ్గర నిలిపేయి. అప్పుడు మొదటి సిలిండర్ వైని √(16 − ఎక్స్²) దాటనివ్వదు, రెండోది జెడ్‌ను అదే విలువ దాటనివ్వదు. రెండింటికీ ఒకే హద్దు, అంటే కోత చతురస్రం. గుండ్రని గొట్టాలు రెండు కలిస్తే కోసిన ముక్క చతురస్రంగా వచ్చింది! ఎక్స్ 0 దగ్గర భుజం 4. 2 దగ్గర సుమారు 3.46. 3 దగ్గర 2.65. 4 దగ్గర సున్నా. వెనక గోడ మీద ఎనిమిది గళ్ల చతురస్రం గీయి, అది ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ఎక్స్ అక్షం మీద 4 దగ్గర చుక్క పెట్టు. మధ్యలో మిగిలిన చతురస్రాలను వాటి వాటి చోట్ల వేయి. అన్నింటి మూలల్నీ కలుపుతూ మూడు వక్రాలు గీయి. ఒకటి నేల మీద, ఒకటి ఎడమ గోడ మీద, ఒకటి బయటి మూలల మీదుగా (0, 4, 4) నుంచి (4, 0, 0) దాకా. నువ్వు వదిలేసిన బొమ్మ అదేనమ్మా.

లిమిట్స్ చూడు. ఎక్స్ 0 నుంచి ఏ. వై, జెడ్ రెండూ 0 నుంచి √(ఏ² − ఎక్స్²). ముక్క వైశాల్యం ఏ² − ఎక్స్². ఇంటిగ్రేట్ చేస్తే 2ఏ³/3, ఎనిమిదితో గుణిస్తే 16ఏ³/3. జవాబులో పై (π) లేదేమిటని చాలామంది అనుమానపడి కొట్టేసుకుంటారు. ముక్కలు చతురస్రాలని బొమ్మలో చూసినవాళ్లకు ఆ అనుమానం రాదు. ఈ ఆకారం సరిగ్గా పట్టే ఘనంలో ఇది మూడింట రెండు వంతులు. ఈ సంగతి సుమారు 2,200 ఏళ్ల క్రితమే ఆర్కిమెడిస్ చెప్పాడు. కాల్క్యులస్ అనే పేరు కూడా లేని రోజుల్లో!

గ్రేడియంట్ గురించి నువ్వు అడగలేదు గానీ వచ్చే చాప్టర్ అదే కాబట్టి చెబుతున్నాను. ఎఫ్ = ఎక్స్² + వై² గ్రేడియంట్‌ను గిన్నె మీద నుంచి పైకి పొడుచుకొచ్చినట్టు గీస్తారు చాలామంది. తప్పు. (1, 1) దగ్గర అది (2, 2). రెండే భాగాలున్నాయి, అది నేల మీద పడుకుని ఎటు నడిస్తే ఎత్తు వేగంగా పెరుగుతుందో చూపించే బాణం. గిన్నెకు లంబంగా ఉండే బాణం వేరే, (2, 2, −1). అది (1, 1, 2) దగ్గర గిన్నె బయటి వైపు నుంచి, కిందికి వాలుతూ బయలుదేరుతుంది. రెండింటినీ ఒకే బొమ్మలో, రెండు రంగుల్లో గీసి పెట్టుకో. డైవర్జెన్స్, స్టోక్స్ సిద్ధాంతాలు వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి చూసుకుందువు.

ఫోన్లో జియోజీబ్రా అని, ఈక్వేషన్ ఇస్తే బొమ్మ గీసే యాప్ దొరుకుతుంది, వాడుకో. కానీ ముందు నీ చేత్తో కోతలు గీసి, తర్వాత అందులో ఈక్వేషన్ కొట్టి, తిప్పి, నీ బొమ్మతో పోల్చు. ముందే అందులో చూస్తే అర్థమైనట్టే అనిపిస్తుంది, పరీక్షలో ఖాళీ కాగితం ముందు చేయి మాత్రం కదలదు. రోజుకు ఒక్క సర్ఫేస్ చాలు, పావుగంట. మొదటివారం బొమ్మలు వంకరగా వస్తాయి, వచ్చినా చింపేయకు, తేదీ వేసి ఉంచు.

ఇంకొక్కటి. మీ రూమ్మేట్ గీసేటప్పుడు పక్కన కూర్చో. పూర్తయిన బొమ్మను చూడకు. ఆ అమ్మాయి పెన్సిల్ మొదట ఎక్కడ ఆనుతుందో, రెండో గీత ఏ కోతో, చుక్కల గీతలు ఎప్పుడు వేస్తుందో చూడు. "అదెందుకు ముందు గీశావే?" అని అడుగు. తర్వాత పెన్సిల్ నువ్వు తీసుకుని, మిడ్‌లో వదిలేసిన ఆ రెండు సిలిండర్లనూ తన ముందే గీయి, వెనక గోడ మీది చతురస్రంతో మొదలుపెట్టి.